మా పని హైదరాబాద్ సెంటర్‌కు వెళ్లిపోతోంది, కెటి (నా పని అవతలివాళ్లకు నేర్పి అప్పగించడం) నేనే ఇవ్వాలట. ఇది ఎదుర్కొన్నవాళ్లు చెప్పండి

ప్లేనో_వాసి (టెక్సస్)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మాది ఆరోగ్య బీమా కంపెనీ. నేను క్లెయిమ్స్ సిస్టమ్ చూస్తాను. చాలావరకు పాత మెయిన్‌ఫ్రేమ్ కోబాల్, కొంత జావా. పోయిన సోమవారం పొద్దున్నే క్యాలెండర్‌లో పావుగంట మీటింగ్ పడింది. వైస్ ప్రెసిడెంట్ కెమెరా ఆపేసి, ఎవరో రాసిచ్చింది చదివాడు. మా డిపార్ట్‌మెంట్ పని మొత్తం కంపెనీ సొంత హైదరాబాద్ సెంటర్‌కు వెళ్తుందట, ఇక్కడి పోస్టులు ఉండవట, ప్రశ్నలుంటే హెచ్చార్‌కు మెయిల్ పెట్టాలట. చాట్ ముందే ఆపేశారు, ఎవరూ ఏమీ అడగడానికి లేదు.

సెవరెన్స్ (ఉద్యోగం తీసేసేటప్పుడు ఇచ్చే డబ్బు) ఉంది కానీ షరతులున్నాయి. చివరి రోజు దాకా ఉండాలి. కెటి పూర్తయిందని అవతలి టీమ్ ఒప్పుకుని సైన్ ఆఫ్ ఇవ్వాలి. ఈలోపు వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోతే పైసా రాదు.

అవతల ఉన్నది కూడా మనవాళ్లే. కెటి తీసుకునే లీడ్‌ది ఖమ్మం. మొదటి కాల్‌లోనే "అన్నా, మీరు తెలుగా?" అని ఎంతో సంతోషంగా అడిగాడు. నాకు నోట మాట రాలేదు. ఆ అబ్బాయి మీద కోపమేమీ లేదు. కానీ రోజూ ఆ కాల్‌లో కూర్చుని నా పని నా చేతులతో అప్పగించడం మాత్రం కష్టంగా ఉంది.

హెచ్-1బి వర్క్ వీసా మీద ఉన్నాను. ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) ఎప్పుడో అప్రూవ్ అయింది, గ్రీన్ కార్డ్ లైన్‌లో ఉన్నాం. బాబు ఏడో తరగతి. ఇంట్లో చెప్పాను, ఊళ్లో అమ్మానాన్నలకు ఇంకా చెప్పలేదు. ఇలాంటి పరిస్థితి దాటినవాళ్లు మీరేం చేశారో చెప్పండి.

ఇర్వింగ్_అక్క (టెక్సస్)

ప్లేనో_వాసి గారూ, మనసు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు తేదీలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మా ఆయనకు 2023లో ఇదే జరిగింది, ఆ వారం అంతా టెన్షన్‌లో ఎవరేం చెప్పినా మా చెవికెక్కలేదు.

ఉద్యోగం ముగిసిన రోజు నుంచి ఈ దేశంలో ఉండడానికి 60 రోజుల గ్రేస్ ఉంటుంది. ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకంటే ముందే అయిపోతే ఆ తేదీయే లెక్క. సెవరెన్స్ ఆరు నెలలకు ఇచ్చినా ఈ 60 రోజులు పెరగవు. చాలామంది పొరబడేది ఇక్కడే. పేరోల్‌లో పెట్టి పని మాత్రం చేయనివ్వని నోటీస్ కాలం ఉంటుంది చూడండి, అది ఉద్యోగం కిందికి వస్తుందో రాదో లాయర్‌ను అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

ఆ 60 రోజుల్లోపు కొత్త కంపెనీ పిటిషన్ ఫైల్ అయితే చాలు, అప్రూవల్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఉద్యోగం దొరక్కపోతే గడువు దాటకముందే బి-2 విజిటర్ స్టేటస్‌కు గానీ, మీ ఆవిడకు సొంత హెచ్-1బి ఉంటే ఆమె భర్తగా హెచ్-4కు గానీ స్టేటస్ మార్చమని అప్లై చేయాలి.

ఐ-140 విషయంలో భయపడకండి. అప్రూవ్ అయి 180 రోజులు దాటితే కంపెనీ వెనక్కి తీసుకున్నా అది రద్దు కాదు. ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డ్ లైన్‌లో మీ తేదీ) మీదే. కొత్త కంపెనీ మళ్లీ పెర్మ్ (లేబర్ సర్టిఫికేషన్), ఐ-140 చేయాలి కానీ లైన్‌లో మీ చోటు పోదు.

ఇంకోటి. లాయర్‌ను అడక్కుండా ఇండియాకు టికెట్ కొనకండి. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన హెచ్-1బి లక్ష డాలర్ల ఫీజు ప్రకటన, దేశం బయట ఉన్నవాళ్లకు వేసే కొత్త పిటిషన్ల మీద. ఇక్కడే ఉండి కంపెనీ మారడం వేరు, బయటికెళ్లాక కొత్తగా వేయించుకోవడం వేరు.

నానక్‌రామ్‌గూడ_సెకండ్‌షిఫ్ట్ (హైదరాబాద్)

ఆ ఖమ్మం లీడ్ లాంటివాణ్నే నేను. కంపెనీ వేరు, కథ ఒకటే.

మాకు చెప్పిందేమిటంటే, టీమ్ పెరుగుతోంది, గ్లోబల్ రోల్, మంచి అవకాశం. అవతలివాళ్ల ఉద్యోగాలు పోతున్నాయన్న మాట ఎవరూ అనలేదు. మధ్యాహ్నం రెండుకు లాగిన్ అయి రాత్రి పదకొండు దాకా కాల్స్. రెండో వారంలో ఒహాయో నుంచి కెటి ఇస్తున్న పెద్దావిడ స్క్రీన్ షేర్ మధ్యలో ఆగిపోయి, "ఈ ఫోల్డర్ నేను 2004లో పెట్టాను" అంది. తర్వాత మ్యూట్ చేసుకుంది. అప్పుడు మా మేనేజర్‌ను అడిగితే తెలిసింది, ఆ టీమ్ అంతటికీ అదే ఆఖరి నెల అని.

ఆ రాత్రి క్యాబ్‌లో ఎవరూ మాట్లాడుకోలేదు.

వాట్సాప్ గ్రూపుల్లో "మా ఉద్యోగాలు లాక్కున్నారు" అని రాస్తుంటారు. మేం లాక్కోలేదు. నిర్ణయం తీసుకున్నవాళ్లు ఆ కాల్‌లో ఉండరు. ఉండేది మీరు, మేము. మీకు మా మీద కోపం లేదని రాశారు, అది చదివి మనసు తేలికపడింది అన్నా.

ఎడిసన్_సీనియర్ (న్యూజెర్సీ)

నేను 1999లో వైటూకే (కంప్యూటర్లలో 2000 సంవత్సరపు తేదీల సమస్య) పని మీద వచ్చాను. 2001 చూశాను, 2008 చూశాను, ఇప్పుడిదీ చూస్తున్నాను.

కెటి ఇచ్చి బయటికెళ్లడం కొత్తేమీ కాదు. 2015లో ఫ్లోరిడాలో డిస్నీ 250 మంది దాకా ఐటీ వాళ్లను తీసేసినప్పుడు, వాళ్లలో చాలామంది తమ స్థానంలో వచ్చిన కాంట్రాక్ట్ మనుషులకు పని నేర్పించి వెళ్లాల్సి వచ్చింది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మన దేశంవాళ్లే. పెద్ద గొడవైంది, పేపర్లలో వచ్చింది, అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్లింది. 2020లో టెనెసీ వ్యాలీ అథారిటీ అదే పని చేయబోతే ట్రంప్ ఏకంగా చైర్మన్‌ను తీసేశాడు, ఆ సంస్థ వెనక్కి తగ్గింది. అది ప్రభుత్వ సంస్థ కాబట్టి ఆగింది. ప్రైవేటు కంపెనీని ఆపేవాడు లేడు.

నా సలహా కాస్త కటువుగానే ఉంటుంది. ఒప్పందంలో రాసినంత మేరకే కెటి ఇవ్వు. డాక్యుమెంట్‌లో ఉన్నది చెప్పు, నీ బుర్రలో ఉన్నది నీ దగ్గర పెట్టుకో. ఇన్నేళ్ల అనుభవానికి వాళ్లు కట్టిన విలువ పావుగంట మీటింగ్. అంతకు మించి ఇవ్వాల్సిన రుణం నీకు లేదు.

నానక్‌రామ్‌గూడ_సెకండ్‌షిఫ్ట్

సీనియర్ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ బుర్రలోది దాచుకుంటే దెబ్బ తగిలేది వైస్ ప్రెసిడెంట్‌కు కాదు. రాత్రి రెండింటికి ఫోన్ మోగేది మాకు. తప్పు జరిగితే అప్రైజల్‌లో పడేది మా పేరు. వచ్చే ఏడాది లిస్ట్ తయారైతే అందులో ముందుండేదీ మేమే.

ప్లేనో_వాసి

ఇర్వింగ్_అక్క గారూ, చాలా థాంక్స్. మీ పోస్ట్ ప్రింట్ తీసి ఫ్రిజ్‌కు అంటించాను. లాయర్ అపాయింట్‌మెంట్ దొరికింది.

సీనియర్ గారూ, మీరన్నది రెండు రోజులు ఆలోచించాను. మా దగ్గర జరిగేది ఒకటి చెప్తాను.

నెలాఖరులో ఆసుపత్రులకు, డాక్టర్లకు డబ్బు వెళ్లే బ్యాచ్ (దానంతట అదే నడిచే ప్రోగ్రామ్) ఒకటుంది. బయటి నుంచి ఒక ఫైల్ రావాలి. ఒకటో తారీఖు సెలవు రోజు పడితే ఆ ఫైల్ ఆలస్యమవుతుంది. అప్పుడు ఆ బ్యాచ్ జాబ్ ఆగదు, ముందు నెల ఫైల్‌నే మళ్లీ తీసుకుని నడిచిపోతుంది. రిటర్న్ కోడ్ సున్నా, అంటే తప్పేమీ లేదని వస్తుంది, స్క్రీన్ మీద అంతా పచ్చగా ఉంటుంది. పాత డబ్బు మళ్లీ వెళ్తుంది, కొత్త క్లెయిమ్స్ ఆగిపోతాయి. ఇది ఏ డాక్యుమెంట్‌లోనూ లేదు. మేం చేసేదల్లా సెలవుకు ముందు రోజు సాయంత్రం లాగిన్ అయి, ఫైల్ మొదటి లైన్‌లో తేదీ, చివరి లైన్‌లో రికార్డుల సంఖ్య చూసి, తేడా ఉంటే జాబ్‌ను హోల్డ్‌లో పెట్టడం. నాకు ఇది నేర్పినాయన రిటైరయ్యాడు.

ఇది చెప్పకుండా వెళ్లిపోతే నాకు సెవరెన్స్ వస్తుంది, ఎవరూ అడగరు కూడా. కానీ ఆ క్లెయిమ్స్‌లో డయాలిసిస్ సెంటర్లున్నాయి, చిన్న ఊళ్ల క్లినిక్‌లున్నాయి. డబ్బు ఆగితే వాళ్లు ఎన్నాళ్లు ఓపిక పడతారు? అందుకని ఖమ్మం తమ్ముడికి చెప్పేశాను. కోపం కంపెనీ మీద ఉంది, అది అలాగే ఉంది. దాన్ని పేషెంట్ల మీద చూపించలేను.

ఎడిసన్_సీనియర్

డయాలిసిస్ మాట అన్నాక నేను వాదించలేను. కానీ ఆ జ్ఞానానికి ధర అడుగు. చివరి తేదీ తర్వాత మూడు నెలల నెలాఖర్లకు గంటల లెక్కన కన్సల్టింగ్ ఇమ్మని హెచ్చార్‌ను కాదు, ఆ సిస్టమ్ మీద ఆధారపడ్డ బిజినెస్ వాళ్లను అడుగు. వీసా ఒప్పుకుంటుందో లేదో లాయర్‌తో చూసుకో. సిటిజన్లు, గ్రీన్ కార్డ్ వాళ్లయితే దీనికి అడ్డేమీ లేదు. మా పాత టీమ్‌లో ఇద్దరికి ఇలా దొరికింది.

సెవరెన్స్ కాగితం మీద వెంటనే సంతకం పెట్టకు. 40 ఏళ్లు నిండినవాళ్లను గుంపుగా తీసేస్తూ, వయసు వివక్ష కేసు వేయనని రాయించుకోవాలంటే చట్టం ప్రకారం ఆలోచించుకోడానికి 45 రోజులు ఇవ్వాలి. సంతకం పెట్టాక కూడా 7 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. వార్న్ చట్టం 1988 నుంచి ఉంది. 100 మంది గానీ అంతకు పైగా గానీ ఉన్న కంపెనీ ఒకే చోట పెద్ద ఎత్తున తీసేస్తే 60 రోజుల ముందు నోటీస్ ఇవ్వాలి. ఆ నోటీసులు టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. మీ కంపెనీది ఉందో లేదో చూడు.

మాదాపూర్_టెస్టర్ (హైదరాబాద్)

అన్నలూ, మీకు కనీసం సెవరెన్స్ అనే మాట ఉంది. ఇక్కడ ఎలా ఉంటుందో చెప్తాను.

సర్వీసెస్ కంపెనీ. ప్రాజెక్ట్ అయిపోయి బెంచ్ మీద (కొత్త ప్రాజెక్ట్ కోసం ఎదురుచూస్తూ) ఉన్నాను. ఒక మధ్యాహ్నం హెచ్చార్ నుంచి ఫోన్ వచ్చింది, ఫలానా రూమ్‌కు రమ్మన్నారు. ఇద్దరున్నారు. ముగ్గురికి సరిపోయే చిన్న గది, టేబుల్ మీద టిష్యూ పెట్టె, నీళ్ల సీసా. "మీరే రిజైన్ చేయండి, రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఇస్తాం. లేదంటే టర్మినేట్ అని రికార్డులో పడుతుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఎక్కడా ఉద్యోగం రాదు" అన్నారు. సాయంత్రం ఐదులోపు పోర్టల్‌లో రిజిగ్నేషన్ పెట్టమన్నారు. ఇంటికెళ్లి ఆలోచించుకుంటానంటే లాప్‌టాప్ ఇక్కడే పెట్టి వెళ్లమన్నారు.

నేను పెట్టలేదు. రెండు రోజులు టైమ్ అడిగి బయటికొచ్చాను. రేపటితో ఆ టైమ్ అయిపోతుంది. ఇంటి లోన్ ఈఎంఐ ఉంది, చెల్లి పెళ్లి మాఘమాసంలో. ఇంకో ఐటీ కంపెనీలో ఈ జన్మకు చేరలేనేమోనని భయంగా ఉంది. ఏం చేయాలి?

లేబర్_కోర్టు_గుమ్మం (హైదరాబాద్)

తమ్ముడూ, రిజైన్ చేయకు. మిగతాదంతా తర్వాత.

ఎందుకో చెప్తాను. రాజీనామా పెట్టిన మరుక్షణం నువ్వు ఇష్టంతో వెళ్లిపోయినట్టు. తొలగింపు పరిహారం అడిగే హక్కు అక్కడితో పోతుంది. వాళ్లు తీసేస్తే లెక్క వేరు. ఏడాది సర్వీసు నిండినవాణ్ని రిట్రెంచ్ చేయాలంటే నెల నోటీస్ గానీ నెల జీతం గానీ ఇవ్వాలి. దాంతోపాటు నిండిన ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న మాటే ఇది, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. కొత్త కోడ్‌లో ఇంకో 15 రోజుల జీతం రీస్కిల్లింగ్ నిధి కింద వేయాలని కూడా పెట్టారు. వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగం ముగిసిన రెండు పని దినాల్లో రావాల్సిన జీతం చేతికి రావాలి.

"ఐటీ వాళ్లకు లేబర్ చట్టం వర్తించదు" అని హెచ్చార్ అంటారు. చూసేది డిజిగ్నేషన్ కాదు, నువ్వు చేసే పని. మేనేజర్ హోదాలో మనుషుల మీద అధికారం చలాయించేవాళ్లు వేరు. కూర్చుని టెస్ట్ కేసులు రాసి నడిపేది సాంకేతిక పని. పేరు చివర 'లీడ్' అని తగిలించినంత మాత్రాన మేనేజర్ అయిపోరు. చెన్నైలో 2015లో తీసేసిన ఒక ఐటీ ఉద్యోగిని మళ్లీ తీసుకోమని అక్కడి లేబర్ కోర్టు 2022లో తీర్పిచ్చింది. అంటే హక్కు ఉంది. కానీ ఏడేళ్లు పట్టింది, అదీ గుర్తుంచుకో.

ఇప్పుడు ఈ రాత్రే చేయాల్సింది. ఆ గదిలో ఏం జరిగిందో తేదీ, సమయం, ఎవరేమన్నారో పూసగుచ్చినట్టు రాసి హెచ్చార్‌కు మెయిల్ పెట్టు, నీ సొంత మెయిల్‌కు కాపీ పెట్టు. కోపంగా రాయొద్దు. "నాకు రాజీనామా చేసే ఉద్దేశం లేదు, పనికి సిద్ధంగా ఉన్నాను, తొలగించాలనుకుంటే కారణాలతో లెటర్ ఇవ్వండి" అని రాయి. పే స్లిప్‌లు, అపాయింట్‌మెంట్ లెటర్, అప్రైజల్ లెటర్లు దించి పెట్టుకో. క్లయింట్ డేటా, కోడ్ మాత్రం ముట్టుకోకు, దాన్నే నీ మీద కేసుగా మారుస్తారు.

కొండాపూర్_ఫైనాన్స్ (హైదరాబాద్)

పని హైదరాబాద్‌కు వస్తోందని అక్కడ ఏడుస్తున్నారు. మా పని హైదరాబాద్ నుంచి మనీలాకు పోయింది. వెండర్ పేమెంట్స్, ఇన్వాయిస్‌లు చూసే టీమ్ మాది. అప్పట్లో డెన్వర్ వాళ్ల దగ్గర మేమే నేర్చుకున్నాం. ఇప్పుడు మనీలా అమ్మాయిలకు మేం నేర్పించాం. షాడో (మేం చేస్తుంటే వాళ్లు చూడడం), రివర్స్ షాడో (వాళ్లు చేస్తుంటే మేం చూడడం), సైన్ ఆఫ్, అవే పేర్లు, అవే ఎక్సెల్ షీట్లు. మిగిలిన పనిలో సగం సాఫ్ట్‌వేరే చేసేస్తోంది.

నాకు రెండో కాన్పు అయి తిరిగి చేరిన నెలలో ఇది జరిగింది. చాలామంది మర్చిపోయేది ఒకటి చెప్తాను, కంపెనీ ఇచ్చే గ్రూప్ హెల్త్ పాలసీ ఆఖరి రోజుతో ఆగిపోతుంది. ఉద్యోగంలో ఉండగానే అదే బీమా సంస్థకు రాసి వ్యక్తిగత పాలసీకి మారొచ్చు, గడిచిన వెయిటింగ్ పీరియడ్ కలిసొస్తుంది. అమ్మానాన్నలకు షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఇది ముందు చేసుకోండి. బయటికొచ్చాక కొత్త పాలసీకి వెళ్తే మళ్లీ మొదటి నుంచి వెయిటింగ్.

హెచ్చార్‌లో_పదేళ్లు (బెంగళూరు)

లిస్ట్ ఎలా తయారవుతుందో బయట చాలా అపోహలున్నాయి, అందుకే రాస్తున్నాను.

ముందు మనుషుల పేర్లుండవు. ఒక అంకె పై నుంచి వస్తుంది, ఇన్ని కోట్లు తగ్గాలని. దాన్ని డిపార్ట్‌మెంట్లకు పంచుతారు. ఆ తర్వాత ఎక్సెల్‌లో జీతం, లొకేషన్, బ్యాండ్ (హోదా స్థాయి), క్లయింట్ నుంచి బిల్లింగ్ ఉందా లేదా అన్న వరుసలు వస్తాయి. రేటింగ్ ఆఖరున చూస్తారు, ఇద్దరిలో ఒకర్ని ఎంచుకోవాల్సి వస్తేనే. కాబట్టి లిస్ట్‌లో పేరున్నవాళ్లు "నేనేం తప్పు చేశాను" అని రాత్రిళ్లు కుమిలిపోవద్దు. సీనియర్లు, జీతం పెరిగినవాళ్లు, ప్రాజెక్టుల మధ్యలో ఉన్నవాళ్లు ఎక్కువగా పోతారు. కారణం వాళ్ల పనితనం కాదు.

ఇంత ఎందుకు పెరిగిందంటే, 2022 మొదట్లో అమెరికాలో వడ్డీ దాదాపు సున్నా. 2023 జూలైకల్లా 5.25 నుంచి 5.5 శాతానికి వెళ్లింది. చవక అప్పుతో పెంచుకున్న టీమ్‌లు బరువయ్యాయి. మరోవైపు పెద్ద కంపెనీలు బయటి వెండర్లను తగ్గించి ఇండియాలో సొంత సెంటర్లు పెట్టుకుంటున్నాయి. ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్, కన్సల్టింగ్ సంస్థ జిన్నోవ్ 2024 లెక్క ప్రకారం అలాంటివి దేశంలో 1,700 దాటాయి, 19 లక్షల మంది పనిచేస్తున్నారు. ఒకవైపు ఈ సెంటర్లు మనవాళ్లను తీసుకుంటుంటే, ఇంకోవైపు సర్వీసెస్ కంపెనీలు వదులుకుంటున్నాయి. 2025 జూలైలో టీసీఎస్ దాదాపు 12,000 మందిని, అంటే రెండు శాతాన్ని తగ్గిస్తామని ప్రకటించింది. బెంచ్ ఏడాదికి 35 రోజులు మించకూడదన్న నియమం ఆ ముందు నెలలోనే పెట్టింది.

మాదాపూర్ తమ్ముడికి ఒక మాట. వెరిఫికేషన్ చేసేవాళ్లు సాధారణంగా అడిగేది చేరిన తేదీ, వెళ్లిన తేదీ, హోదా. "ఎక్కడా ఉద్యోగం రాదు" అనేది ఆ గదిలో భయపెట్టడానికి వాడే మాట. ఇప్పుడు లేఆఫ్ అంటే ఇంటర్వ్యూలో ఎవరూ కనుబొమ్మలెత్తరు.

ఫ్రిస్కో_హెచ్4 (టెక్సస్)

ఒక విషయం ఎవరూ అనలేదు. ఆయన ఉద్యోగం పోతే నాదీ పోతుంది. నా వర్క్ పర్మిట్ హెచ్-4 మీద, అది ఆయన హెచ్-1బిని పట్టుకుని ఉంది. 2015 మే నుంచి ఈ పర్మిట్ ఇస్తున్నారు, దాని మీదే స్కూల్‌లో పనిచేస్తున్నాను. పైగా 2025 అక్టోబర్ 30 నుంచి వేసిన రెన్యువల్స్‌కు ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. కార్డ్ రావడం ఆలస్యమైతే ఆ రోజు నుంచి ఇంట్లో కూర్చోవాలి.

ఇల్లు, రెండు కార్లు, ఇద్దరి జీతాల మీద వేసుకున్న లెక్క. లేఆఫ్ అంటే ఒక మనిషి కథలా రాస్తారు. మా ఇంట్లో ఒకే మెయిల్‌తో రెండు ఉద్యోగాలు ఊగుతున్నాయి.

ఇన్సూరెన్స్ గురించి: కోబ్రా (పాత కంపెనీ హెల్త్ పాలసీనే కొనసాగించుకోవడం) 18 నెలలు తీసుకోవచ్చు. ప్రీమియం మొత్తం మనమే కట్టాలి, దాని మీద రెండు శాతం అదనం. చాలా ఎక్కువే అవుతుంది. కానీ ఒప్పుకోడానికి 60 రోజుల గడువుంది, ఆలోగా ఏదైనా జబ్బు వస్తే వెనకటి తేదీ నుంచి కట్టి తీసుకోవచ్చు. ఈలోపు ప్రభుత్వ హెల్త్ మార్కెట్‌ప్లేస్‌లో వేరే పాలసీల ధర చూసుకోండి.

కన్సల్టెన్సీ_బాధితుడు (నార్త్ కరోలినా)

చిన్న మాట. కన్సల్టెన్సీ ద్వారా ఉన్నవాళ్లకు "ప్రాజెక్ట్ లేదు, జీతం లేదు, వెతుక్కో" అని చెప్తారు. అలా కుదరదు. హెచ్-1బి మీద బెంచ్‌లో ఉన్నా ఎల్‌సీఏలో (వీసా కోసం కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కు ఇచ్చే పత్రంలో) రాసిన జీతం ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే లేబర్ డిపార్ట్‌మెంట్‌లో డబ్ల్యూహెచ్-4 ఫారం వేయొచ్చు, ఏడాదిలోపు వేయాలి. వీసా గడువు ముగియకముందే వాళ్లే తీసేస్తే ఇండియాకు తిరిగి వెళ్లే మీ ప్రయాణ ఖర్చు కూడా వాళ్లదే. కన్సల్టెన్సీ మనవాళ్లదేనని, మొహమాటమని చాలామంది ఊరుకుంటారు. ఊరుకోకండి.

తిరిగొచ్చిన_కుటుంబం (విజయవాడ)

మేం గడువు లోపల ఏదీ కుదరక వచ్చేశాం. వచ్చినందుకు బాధ లేదు, వచ్చిన తీరుకు బాధ. గరాజ్ సేల్‌లో పాప సైకిల్ అమ్మేస్తుంటే ఏడ్చింది. పేటలో చుట్టాలు "సెలవుకొచ్చారా, ఎప్పుడు వెళ్తారు?" అని అడుగుతూనే ఉన్నారు. మొదట్లో తప్పించుకునేవాణ్ని. తర్వాత మా నాన్నే అందరి ముందూ, "వాడి కంపెనీ మూసుకుంది, ఇక్కడే ఉంటాడు, ఏం?" అనేశారు. ఆ రోజుతో అడగడం ఆగిపోయింది.

ప్లేనో_వాసి గారూ, అమ్మానాన్నలకు చెప్పండి. వాళ్లు మనం అనుకున్నంత బలహీనులు కారు.

401కే (కంపెనీ ద్వారా వేసుకునే రిటైర్మెంట్ పొదుపు) మాత్రం తొందరపడి తీయకండి. 59 ఏళ్ల 6 నెలలు నిండకముందు తీస్తే సాధారణంగా పన్నుతో పాటు పది శాతం జరిమానా పడుతుంది. అక్కడే ఉంచినా నష్టం లేదు.

మాదాపూర్_టెస్టర్

మెయిల్ పెట్టాను అన్నా. మళ్లీ పిలిచారు. ఈసారి గొంతు మారింది. మూడు నెలల జీతం ఇస్తాం, రిజైన్ చెయ్యి అన్నారు. ఏం చేయాలో తెలియడం లేదు. అదే ఫ్లోర్‌లో మరికొందరు ఆ రోజే రిజైన్ చేసేశారు, వాళ్లకు నోటీస్ జీతం తప్ప ఏమీ రాలేదు.

లేబర్_కోర్టు_గుమ్మం

చూశావా, మెయిల్ వెళ్లాక మాట మారింది. అది నీ బేరానికి బలం. ఇప్పుడు ఎటు వెళ్లాలన్నది నీ ఇంటి పరిస్థితిని బట్టి నువ్వే తేల్చుకోవాలి. చెల్లి పెళ్లి, ఈఎంఐ ఉన్నవాడికి "ఏడేళ్లు కొట్లాడు" అని చెప్పే మనిషిని కాను. డబ్బు తీసుకుని వెళ్లాలనుకుంటే అన్నీ కాగితం మీద పెట్టించు: ఎంత, ఏ తేదీన, రిలీవింగ్ లెటర్‌లో ఏం రాస్తారు, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్, గ్రాట్యుటీ. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వాళ్ల దయ కాదు, నీ హక్కు. ఆఖరి నెల వేతనాన్ని (బేసిక్, డీఏ; కొత్త కోడ్‌లో మొత్తం జీతంలో సగానికి తగ్గకుండా) 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించు. 30 రోజుల్లో ఇవ్వాలి. ఆ మూడు నెలల జీతంలో దీన్ని కలిపి చూపిస్తారు, విడిగా అడుగు.

కొట్లాడాలనుకుంటే నీ ఆఫీసు ఏ లేబర్ అధికారి పరిధిలో ఉందో చూసి కన్సిలియేషన్‌కు రాతపూర్వకంగా అర్జీ పెట్టు. కంపెనీని పిలిచి మాట్లాడతారు. 45 రోజుల్లో తేలకపోతే నువ్వే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. రిజైన్ చేసిన మీ ఫ్లోర్ వాళ్లలో ఒత్తిడి చేశారని చెప్పడానికి ఇష్టపడేవాళ్లుంటే వాళ్ల చేత కూడా తేదీలతో రాయించు. ఒక్కడి అర్జీ కంటే పది మంది అర్జీకి అధికారి కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు.

ప్లేనో_వాసి

చిన్న అప్‌డేట్. ఒక ఆసుపత్రుల గ్రూపులో ఇంటర్వ్యూలు చివరి దశలో ఉన్నాయి. పిటిషన్ గడువులోపే ఫైల్ చేస్తామని వాళ్ల లాయర్ అన్నారు, ఆఫర్ లెటర్ ఇంకా చేతికి రాలేదు. అమ్మకు, నాన్నకు చెప్పాను. నాన్న ముందడిగింది, "బాబు స్కూల్ మారాలా?" అని.

సెలవు రోజు బ్యాచ్ గురించి ఖమ్మం తమ్ముడు తనంతట తానే రన్‌బుక్‌లో (సిస్టమ్ నడిపే పద్ధతి రాసి పెట్టే డాక్యుమెంట్‌లో) రాసి, పైన నా పేరు పెట్టాడు. తీసేయమన్నాను. తీయలేదు. పైగా వాళ్ల మేనేజర్‌కు మెయిల్ పెట్టాడట, మొదటి రెండు నెలాఖర్లకు ఇక్కడివాళ్లు ఎవరో ఒకరు ఫోన్‌లో ఉండాలని, లేకపోతే తను సైన్ ఆఫ్ ఇవ్వనని. మా టీమ్‌లో అమెరికన్ సహోద్యోగి ఒకావిడకు రెండేళ్లలో రిటైర్మెంట్, ఇప్పుడు ఆమెతో కన్సల్టింగ్ గురించి మాట్లాడుతున్నారు. నాకు వీసా వల్ల కుదరదు. ఆమెకు కుదిరితే చాలు.

మాదాపూర్ తమ్ముడూ, నువ్వేం నిర్ణయించుకున్నావో ఇక్కడే రాయి. చివరి రోజు తర్వాత కూడా చూస్తుంటాను.

నానక్‌రామ్‌గూడ_సెకండ్‌షిఫ్ట్

సైన్ ఆఫ్ ఇవ్వనని అంత మాట అనొచ్చని నాకు ఇప్పటిదాకా తట్టలేదు. మా ఒహాయో ఆవిడకు ఇంకా వారం ఉంది. రేపు షిఫ్ట్ మొదలవగానే మా లీడ్‌తో మాట్లాడతాను.